అలంకార వైద్యం: మేలు, కీడుల చరిత్ర

ఇస్లామీయ యుగపు వైద్యాన్ని గురించి వ్రాసేవారు సాధారణంగా శస్త్రచికిత్సను, నేత్రవైద్యాన్ని, బాగ్దాదు, దమాస్కసు, కైరో నగరాలలోని ఆసుపత్రులను ప్రస్తావిస్తారు. ఆ వైద్య గ్రంథాలలోనే మరొక విభాగం ఉంది. దానికి అరబ్బీలో "జీనత్" అని పేరు, అనగా అలంకరణ. జుట్టు రాలడం, చుండ్రు, ముఖంపై మంగు, మొటిమలు, మచ్చలు, ఎండకు కమిలిన చర్మం, చేతికాళ్ళ పగుళ్ళు మొదలైనవన్నీ ఈ విభాగంలోకి వస్తాయి. ఆ నాటి మహావైద్యులు దీనిని చిన్నచూపు చూడలేదు. తమ గ్రంథాలలో దీనికి ప్రత్యేక అధ్యాయాలు కేటాయించారు.

ఈ విభాగపు చరిత్రలో ఒక విషయం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. చర్మాన్ని బాగుచేయాలని పూసిన పూతే చర్మాన్ని చెరిచింది. చెడిన చర్మాన్ని కప్పడానికి మరింత పూత పూశారు. దానితో అది మరింత చెడింది. కొన్ని దేశాలలో ఈ హాని చర్మంతో ఆగక నరాలకు, మూత్రపిండాలకు, చివరకు తల్లి ఒడిలోని పసిబిడ్డకూ ప్రాకింది. ఈ క్రమం ఎలా జరిగిందో, దానిని ముందుగా గుర్తించిన వారెవరో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రవక్త (స) కాలంలో

మహాప్రవక్త (స) కాలపు మదీనాలో శరీర సంరక్షణకు వాడిన వస్తువులు చాలా తక్కువ. నీరు, రేగుజాతికి చెందిన సిద్ర్ ఆకులు, మిస్వాక్, నూనె, సుగంధం, గోరింటాకు, కంటికి ఇస్మిద్ సుర్మా. శుభ్రత విధిగా ఉండేది. రోజుకు ఐదు పూటలా వుజూ, అవసరమైనప్పుడు గుస్ల్, జుమా నాటి స్నానం. వీటిలో ప్రధాన సాధనం నీరే.

ముఖంపై మంగుకు ఒక మందు వాడిన దాఖలా కూడా హదీసు గ్రంథాలలో కనిపిస్తుంది. ఆ కాలపు స్త్రీలు ప్రసవానంతరం మంగు కోసం ముఖానికి వర్స్ పూసుకునేవారని హజ్రత్ ఉమ్మె సల్మా (రజి) చెప్పినట్లు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. వర్స్ అనేది యమన్ దేశంలో లభించే ఒక మొక్క నుండి తీసే పసుపుపచ్చని పొడి. ప్రసవం తరువాత ముఖంపై మంగు రావడం, దానికి ఒక మొక్క పొడిని పూయడం తెలుగు దేశపు ఇళ్ళలోనూ ఎరిగిన సంగతే. ఇక్కడి పసుపు, సున్నిపిండి, ముస్లిం ఇళ్ళలో పెళ్ళికి ముందు జరిగే మాంఝాలో వాడే ఉబ్టన్ ఇదే కోవకు చెందినవి.

మరొక వైపు హద్దులు కూడా ఏర్పడ్డాయి. పచ్చబొట్టు పొడిపించుకోవడం, అందం కోసం పళ్ళను అరగదీసి సందులు చేయించుకోవడం మొదలైన వాటిని అల్లాహ్ సృష్టిని మార్చడంగా పేర్కొంటూ నిషేధించిన హదీసు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ద్వారా బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. ముఖచర్మాన్ని మందుతో ఒలిపించుకునే స్త్రీని గురించిన ఉల్లేఖనం ఒకటి ముస్నద్ అహ్మద్‌లో ఉంది. దాని ఉల్లేఖన పరంపర బలహీనమైనదని హదీసు పండితులు అన్నారు. అయినా ఒక చారిత్రక విషయం దాని వలన తెలుస్తుంది. ముఖం మెరవడానికి పై చర్మాన్ని ఒలిచే మందులు ఆ సమాజానికి పరిచయమే. అలాంటి స్త్రీకి "కాషిరా" అనే పేరు కూడా ఉండేది. ఈ పదం వద్దకు మళ్ళీ రావలసి ఉంటుంది.

గ్రీకుల నుండి అందిన వారసత్వం

క్రీ.శ. 9వ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ బిన్ ఇస్‌హాక్ (809–873), ఆయన సహచరులు గాలెన్ గ్రంథాలను అరబ్బీలోకి తెచ్చారు. ఇస్లామీయ వైద్యులకు "జాలీనూస్"గా పరిచితుడైన ఈ గ్రీకు వైద్యుడు అలంకరణను రెండుగా విభజించాడు. శరీరపు సహజమైన అందాన్ని కాపాడేది ఒకటి. అది వైద్యంలో భాగం. లేని అందాన్ని తెచ్చిపెట్టేది రెండవది. అది వైద్యుని పని కాదు. అయినప్పటికీ రాజాస్థానాలలోని స్త్రీలు అడిగినప్పుడు కాదనడం వైద్యులకు కష్టమయ్యేది. రోము చక్రవర్తి ట్రాజన్ వైద్యుడైన క్రిటో అలంకరణ మందుల గురించి విస్తారమైన గ్రంథం వ్రాశాడు. గాలెన్ స్వయంగా దాని నుండి ఎన్నో యోగాలు తీసుకున్నాడు. ఈ రెండింటి మధ్య గీత అప్పుడే చెరిగిపోసాగింది.

ఆ యోగాలతో పాటే ఒక ప్రమాదకరమైన వస్తువు కూడా అందింది. అది సీసపు తెల్లపొడి. సీసపు ముక్కలను పులిసిన ద్రాక్షసారం ఆవిరికి గురిచేసి, వాటిపై పట్టిన తెల్లని పొరను గీకి, నూరి, జల్లించి దానిని తయారుచేసేవారు. క్రీస్తుకు పూర్వమే థియోఫ్రాస్టస్ ఈ పద్ధతిని వర్ణించాడు. దీనిని పారసీకులు తెలుపును సూచించే పేరుతో పిలిచారు. అరబ్బీలో ఆ పేరు "ఇస్ఫీదాజ్" అయింది. ఉర్దూ వారి "సఫేదా" కూడా అదే కుటుంబపు మాట. ముఖానికి పూస్తే తక్షణమే తెల్లగా, నున్నగా కనిపించేది. దానిని మ్రింగితే ప్రాణానికి ముప్పన్న సంగతి క్రీ.పూ. 2వ శతాబ్దపు గ్రీకు కవి నికాండరుకు కూడా తెలుసు. విషాలను గురించిన తన పద్యకావ్యంలో అతడు దీనిని చేర్చాడు.

రాజీ, జహ్రావీ, ఇబ్ను సీనా

అబూ బక్ర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ (865–925) రయ్ నగర పాలకుడైన మన్సూర్ బిన్ ఇస్‌హాక్‌కు అంకితమిచ్చిన "కితాబుల్ మన్సూరీ"లో పది భాగాలు ఉన్నాయి. వాటిలో ఐదవది అలంకరణకు, ఎనిమిదవది విషాలకు సంబంధించినవి. రాజీ విన్నదానిని విన్నట్లు వ్రాసి ఊరుకునే మనిషి కాడు. పాదరసం గుణం తెలుసుకోవడానికి ఒక కోతికి దానిని త్రాగించి, అది పడ్డ బాధను గమనించి నమోదు చేశాడు. ద్రవరూపంలోని పాదరసం కంటే దానిని కాల్చి, ఆవిరి పట్టి తీసిన లవణాలు ఎంతో ప్రమాదకరమని గుర్తించాడు. ఈ భేదం ఈనాటి రసాయనశాస్త్రం కూడా అంగీకరించేదే.

స్పెయిన్‌లోని కుర్తుబా వైద్యుడు అబుల్ కాసిం జహ్రావీ (మరణం 1013) వ్రాసిన "అత్తస్రీఫ్" 30 భాగాల గ్రంథం. శస్త్రచికిత్సకు సంబంధించిన 30వ భాగం ఐరోపాలో శతాబ్దాల పాటు పాఠ్యగ్రంథమైంది. దాని 19వ భాగం సుగంధాలకు, అలంకరణ మందులకు కేటాయించబడింది. అలంకరణ మందులు వైద్యంలో ఒక శాఖ అనే భావన ఈ గ్రంథం ద్వారా స్థిరపడింది.

ఇక షేఖ్ బూ అలీ ఇబ్ను సీనా (980–1037) రచించిన "అల్ కానూన్"లో అధ్యాయాల కూర్పు ఆలోచింపజేసేది. నాల్గవ గ్రంథంలో ఆరవ విభాగం విషాలను గురించినది. దానిని అనుసరించి వచ్చే ఏడవ విభాగం అలంకరణను గురించినది. ఈ ఏడవ విభాగంలో నాలుగు ప్రకరణాలు. మొదటిది జుట్టు, రెండవది చర్మపు రంగు, మూడవది రంగుతో సంబంధం లేని చర్మవ్యాధులు, నాల్గవది శరీరపు లావు, సన్నదనం, గోళ్ళు మొదలైనవి. పాఠకుడు ఆరవ విభాగంలో ఇస్ఫీదాజ్‌ను, సీసం నుండే తయారయ్యే ముర్దాసంగ్‌ను, పాదరసాన్ని విషాల జాబితాలో చూస్తాడు. ఏడవ విభాగానికి వచ్చేసరికి ముఖాన్ని నిగ్గుదేర్చే లేపనాలలో ఇస్ఫీదాజ్, ముర్దాసంగ్ మళ్ళీ ప్రత్యక్షమవుతాయి.

ఇంతటి వైద్యుడు ఈ వైరుధ్యాన్ని ఎందుకు గుర్తించలేదన్న ప్రశ్న సహజం. ఆ కాలపు వైద్య సిద్ధాంతంలో ఒక వస్తువు లోపలికి వెళితే విషమైనా, పైపూతగా మందు కావచ్చు. పుండ్లను ఆర్చడానికి సీసపు పొడి పనికివచ్చిన అనుభవం కూడా వారికుంది. నున్నని, గాయం లేని చర్మం గుండా సీసపు పొడి అంతగా లోపలికి వెళ్ళదన్నది నేటికీ నిజమే. అయితే ముఖానికి పూసిన పొడి ముఖంతోనే ఆగదు. శ్వాసతో ముక్కులోకి, పెదవుల మీదుగా నోటిలోకి, పగిలిన చర్మం గుండా నెత్తురులోకి వెళుతుంది. ఒక్కనాటి పూత వలన ఏమీ తెలియదు. ఏళ్ళ తరబడి ప్రతిదినం పూసినప్పుడు ఫలితం బయటపడుతుంది. శరీరంలో కొద్దికొద్దిగా పోగుపడే విషాన్ని లెక్కగట్టే సాధనం ఆ వైద్యులకు లేదు.

అయినా ఇబ్ను సీనా దృష్టిలో చర్మపు రంగు పైపూతతో మాత్రమే మారేది కాదు. ఎండ, చలి, గాలి, ఆహారం, లోపలి అవయవాల ఆరోగ్యం దానిని నిర్ణయిస్తాయి. కాబట్టి వైద్యుడు మొదట కారణాన్ని వెతకాలి. ఈ మాటను తరువాతి కాలపు లేపనాల వర్తకులు మరచిపోయారు.

ఇబ్నుల్ జౌజీ గమనించినది

చర్మం ఒలిచే మందుల వలన కలిగే హానిని స్పష్టంగా పేర్కొన్నవారిలో ఒకరు వైద్యుడు కాదు, ధర్మవేత్త. బాగ్దాదు నగరపు ప్రఖ్యాత ఉపన్యాసకుడు, హంబలీ పండితుడు అల్లామా ఇబ్నుల్ జౌజీ (మరణం హి. 597, క్రీ.శ. 1201) స్త్రీలకు సంబంధించిన ధర్మాదేశాలపై "అహ్కామున్నిసా" అనే గ్రంథం వ్రాశారు. కాషిరా ఉల్లేఖనాన్ని చర్చిస్తూ ఆయన రెండు విషయాలను వేరుచేశారు. మంగును పోగొట్టి, భర్త కోసం ముఖాన్ని బాగుచేసే మందులలో తమకు దోషం కనిపించలేదన్నారు. చర్మాన్ని ఒలిచే మందు విషయంలో మాత్రం ఇలా వివరించారు: అలా ఒలవడం వలన అప్పటికప్పుడు ముఖం అందంగా కనిపించవచ్చును, కాని తరువాత ఆ చర్మం బాధకు గురికావచ్చును.

ఈ వివరణ ప్రాముఖ్యాన్ని గుర్తించాలి. ఆయన కేవలం నిషేధాన్ని ఏకరువు పెట్టలేదు. ఒక క్రమాన్ని వర్ణించారు. ముందు మెరుపు, తరువాత బాధ. తక్షణ ఫలితం, దీర్ఘకాలిక ఫలితం పరస్పర విరుద్ధంగా ఉండవచ్చునన్న ఈ గ్రహింపు, ఎనిమిది వందల సంవత్సరాల తరువాత చర్మవైద్యులు ప్రయోగాలతో నిరూపించినదానికి చాలా దగ్గరగా ఉంది. ఆయన కాలపు బాగ్దాదు స్త్రీల అనుభవమే ఈ గ్రహింపుకు ఆధారమై ఉండాలి.

మందుల సంఖ్య విషయంలోనూ పూర్వీకులు జాగ్రత్తలు చెప్పారు. ఆహారంతో నయమయ్యే చోట మందు వాడవద్దని, ఒకే మూలికతో నయమయ్యే చోట అనేక దినుసుల యోగం వాడవద్దని రాజీ పేరున ఒక సూత్రం ప్రసిద్ధమైంది. దమాస్కసు పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం 1350) ప్రవక్త వైద్యాన్ని గురించిన తన రచనలో వైద్యులందరూ అంగీకరించిన విషయంగా దీనిని పేర్కొన్నారు. సాదా ఆహారం తినే ఎడారివాసులకు సాదా మందులు చాలుననీ, నగరవాసుల ఆహారం సంకీర్ణం కాబట్టి వారి వ్యాధులూ, మందులూ సంకీర్ణమయ్యాయనీ ఆయన వివరించారు. ఇబ్ను రుష్ద్ (1126–1198) పదుల కొద్దీ దినుసులతో తయారయ్యే "తిర్యాక్" గురించి వ్రాస్తూ, ఆరోగ్యవంతులు దానిని అలవాటుగా సేవించడం క్షేమం కాదని హెచ్చరించాడు. వ్యాధిగ్రస్తునికి మందైనది ఆరోగ్యవంతుని స్వభావాన్నే చెరపవచ్చునన్నది ఆయన అభిప్రాయం.

బజారుపై నిఘా

వైద్యగ్రంథంలో యోగం ఎంత జాగ్రత్తగా వ్రాసినా, అది ప్రజలకు చేరేది అత్తారు దుకాణం ద్వారా. కాబట్టి ఇస్లామీయ నగరాలలో ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. తూకాలు, కొలతలు, కల్తీలు తనిఖీ చేయడం ఆయన బాధ్యత. 12వ శతాబ్దంలో సిరియాకు చెందిన షైజరీ ఈ అధికారుల కోసం ఒక కరదీపిక వ్రాశాడు. 1329లో మరణించిన ఇబ్నుల్ ఉఖువ్వా ఈజిప్టులో ఇంకా విస్తృతమైనది రచించాడు. అత్తారులు, మూలికల వర్తకులు, కంటివైద్యులు అందరికీ వీటిలో అధ్యాయాలు ఉన్నాయి. వీధులలో తిరుగుతూ కంటి మందులు అమ్మేవారిని నమ్మరాదని షైజరీ గట్టిగా చెప్పాడు. కల్తీల పద్ధతులన్నీ తాను బయటపెట్టడం లేదని, వాటిని చదివి దుర్మార్గులు నేర్చుకుంటారేమోనన్న భయమే కారణమని కూడా అతడు వ్రాశాడు.

కంటి మందుల ప్రసక్తి వచ్చింది కాబట్టి సుర్మాను గురించి ఒక మాట. హదీసులో ఇస్మిద్ పేరు ఉంది. సంప్రదాయంగా దానిని ఆంటిమొనీ ఖనిజంగా గుర్తిస్తూ వచ్చారు. అయితే ఇటీవలి దశాబ్దాలలో భారత ఉపఖండం, అరబ్బు దేశాలు, ఐరోపాలలో అమ్ముడయ్యే సుర్మాలను ప్రయోగశాలలలో పరీక్షించినప్పుడు వాటిలో చాలా భాగం సీసపు గంధకమేనని తేలింది. అది పెట్టిన పసిపిల్లల నెత్తురులో సీసం ఎక్కువగా కనిపించింది. బజారులో ఇస్మిద్ అనే పేరున్న ప్రతి పొడీ ఇస్మిద్ కాదు. ముహ్తసిబ్ ఉండిన కాలంలో ఈ విషయం అధికారులు తేల్చేవారు. ఇప్పుడు ప్రయోగశాలలు తేల్చవలసి ఉంది.

ఇంగ్లండు, జపాను అనుభవాలు

సీసపు పూత ఏ ఒక్క నాగరికతకూ పరిమితం కాలేదు. ఐరోపాలో వెనిస్ నగరపు తెల్లపూతకు గొప్ప పేరుండేది. 18వ శతాబ్దంలో లండనులో సౌందర్యవతిగా పేరుపొందిన కొవెంట్రీ ప్రభుపత్ని మరియా గన్నింగ్ 1760లో 27 సంవత్సరాల వయసులో మరణించింది. ఆమె మరణానికి ఈ పూతే కారణమని ఆనాటి నుండీ చెప్పుకుంటూ వచ్చారు. ముఖంపై పొక్కులు, మచ్చలు రావడం, వాటిని దాచడానికి పూతను మరింత దట్టంగా వేయడం ఆ వర్గపు స్త్రీల నిత్య జీవితమైంది. మచ్చలు పోవడానికి మరొక వైపు గౌలాండ్ లోషన్ వంటివి అమ్ముడయ్యేవి. దానిలో పాదరసపు ఘాటైన లవణం ఉండేది. పై చర్మాన్ని కాల్చి ఒలవడమే అది చేసే పని. కాషిరా మందు మరో పేరుతో, మరో సీసాలో లండను చేరిందన్నమాట.

జపానులో జరిగినది ఇంకా హృదయవిదారకం. అక్కడి నటులు, ఉన్నత కుటుంబాల స్త్రీలు తరతరాలుగా సీసపు తెల్లపొడిని ముఖానికి, మెడకు, రొమ్ముకు పూసుకునేవారు. 1887లో మెయిజీ చక్రవర్తి సమక్షంలో జరిగిన కబుకీ నాటక ప్రదర్శనలో నకమురా ఫుకుసుకె అనే నటుని కాలు ఆగకుండా వణకసాగింది. అది సీసపు విషమని తేలడంతో దేశమంతటా కలకలం రేగింది. 20వ శతాబ్దపు ఆరంభంలో సీసం లేని పొడులు వచ్చినా, పాతవి వెంటనే పోలేదు. ఆ కాలంలో జపాను పసిపిల్లలకు మెదడు పొరల వాపును పోలిన అంతుబట్టని వ్యాధి ఒకటి వచ్చేది. 1923లో క్యోటో విశ్వవిద్యాలయపు బాలవైద్యుడు హిరాయ్ ఇకుతారో దాని కారణం కనుగొన్నాడు. తల్లి శరీరానికి పూసుకున్న పొడి పాలు త్రాగే బిడ్డ నోటిలోకి వెళుతున్నది. 1930ల దశాబ్దంలో గాని ఆ దేశంలో సీసపు ముఖపూతల తయారీకి అడ్డుకట్ట పడలేదు.

తెల్లదనపు వ్యాపారం

20వ శతాబ్దంలో సీసం తగ్గింది, పాదరసం పెరిగింది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థం తయారుకాకుండా పాదరసపు లవణాలు అడ్డుకుంటాయి. అందువలన చర్మం కొన్ని వారాలలో తెల్లబడుతుంది. అదే పాదరసం చర్మం గుండా ఇంకి మూత్రపిండాలలో పేరుకుంటుంది. 1972లో కెన్యా రాజధాని నైరోబీ వైద్యులు, ఒళ్ళు వాచి, మూత్రంలో మాంసకృత్తులు పోయే రోగులలో చాలామంది తెల్లబరిచే క్రీములు వాడినవారేనని ఒక బ్రిటిష్ వైద్యపత్రికలో ప్రకటించారు.

1975లో దక్షిణాఫ్రికా నుండి మరొక వార్త వచ్చింది. హైడ్రోక్వినోన్ అనే మందు ఉన్న క్రీములను ఏళ్ళ తరబడి పూసిన స్త్రీల ముఖాలపై నీలినలుపు మచ్చలు వస్తున్నాయని ఫిండ్లే అనే చర్మవైద్యుడు, ఆయన సహచరులు నివేదించారు. తెల్లబడటానికి పూసినది నల్లబరిచింది. ఆ నలుపును పోగొట్టుకోవడానికి ఆ స్త్రీలు అదే క్రీమును మరింత పూశారు. తెల్లవారిదే రాజ్యమైన ఆ దేశంలో రంగును బట్టి బ్రతుకు నిర్ణయమయ్యేది. కాబట్టి దానిని కేవలం వారి అవివేకం అనడం న్యాయం కాదు. 1990లో ఆ దేశం అలాంటి క్రీములను నిషేధించింది.

భారతదేశంలో పరిస్థితి వేరొక దారి పట్టింది. ఎగ్జిమా వంటి వ్యాధులకు వైద్యులు కొద్దిరోజులకు మాత్రమే వ్రాసే స్టీరాయిడ్ క్రీములు ముఖాన్ని తెల్లబరిచే క్రీములుగా వాడుకలోకి వచ్చాయి. మొదటి వారాలలో ముఖం నున్నగా, తెల్లగా అవుతుంది. తరువాత చర్మం పలచబడి, నెత్తురు నాళాలు పైకి కనిపించి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. మానివేస్తే ముఖం ఎర్రబడి మండుతుంది. ఆ మంట భరించలేక మళ్ళీ అదే పూస్తారు. 2008లో భారతీయ చర్మవైద్యులు ఈ స్థితికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టవలసి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పలు క్రీములను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు చేసింది.

పాదరసం కూడా పూర్తిగా పోలేదు. కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక ఆసుపత్రి వైద్యులు 2021 జులై నుండి 2023 సెప్టెంబరు వరకు వచ్చిన ఒక రకపు మూత్రపిండ వ్యాధిగ్రస్తులు 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి అరుదైన ఒక లక్షణం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. 2013లో కుదిరి 2017లో అమలులోకి వచ్చిన మినమాటా ఒప్పందం పదిలక్షలలో ఒక పాలు కంటే ఎక్కువ పాదరసం ఉన్న తెల్లబరిచే సబ్బులు, క్రీముల తయారీని, ఎగుమతి దిగుమతులను 2020 తరువాత నిషేధించింది. 2023 జెనీవా సమావేశంలో ఆ కొద్దిపాటి మినహాయింపును కూడా తొలగించాలని సభ్యదేశాలు నిర్ణయించాయి.

విషం లేకున్నా హాని ఎందుకు?

సీసం, పాదరసం, స్టీరాయిడ్ ఏదీ లేని లేపనాలు క్షేమమేనా అన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి సమాధానం చర్మ నిర్మాణంలో ఉంది. చర్మపు పైపొర చాలా పలచనిది. ముఖంపై అది ఒక మిల్లీమీటరులో వందో వంతు నుండి యాభయ్యో వంతు వరకు మాత్రమే ఉంటుంది. 1980ల దశాబ్దంలో అమెరికా చర్మవైద్యుడు పీటర్ ఎలియాస్ దానిని ఇటుకల గోడతో పోల్చి వివరించాడు. ఎండిన కణాలు ఇటుకలు. వాటి మధ్యనున్న కొవ్వు పదార్థాలు సున్నం వంటివి. ఈ గోడ లోపలి తేమను బయటికి పోనివ్వదు, బయటి క్రిములను, రసాయనాలను లోపలికి రానివ్వదు. దీని ఉపరితలం కొద్దిపాటి పులుపు గుణంతో ఉంటుంది. సాధారణ సబ్బుకు దానికి విరుద్ధమైన క్షార గుణం ఉంటుంది. గోడ క్రింది నుండి పైకి పూర్తిగా కొత్తదవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది.

ఇప్పుడు ఒక వ్యక్తి ఉదయం, సాయంత్రం ఘాటైన సబ్బుతో కడిగి, గరుకు పొడితో రుద్ది, ఆమ్లమున్న నీటితో తుడిచి, ఒకదానిపై ఒకటిగా నాలుగైదు క్రీములు పూస్తున్నాడనుకుందాం. ప్రతి ఒక్కటీ విడివిడిగా నిరపాయకరమే కావచ్చును. కలిసి అవి గోడలోని సున్నాన్ని కరగదీస్తాయి. నాలుగు వారాలలో కట్టబడే గోడను రోజుకు రెండుసార్లు గీకితే అది నిలవదు. చర్మం పొడిబారుతుంది, ఎర్రబడుతుంది, మండుతుంది. మునుపు ఏమీ చేయని సుగంధ ద్రవ్యాలు కూడా బలహీనపడిన గోడ గుండా లోపలికి వెళ్ళి దద్దుర్లు కలిగిస్తాయి. ఆ దద్దుర్లకు మరొక క్రీము వస్తుంది.

జిడ్డు లేపనాల సంగతి మరొకటి. 1972లో అమెరికా చర్మవైద్యులు క్లిగ్మన్, మిల్స్ ఒక పరిశీలన ప్రకటించారు. యుక్తవయసు దాటిన స్త్రీలలో కనిపించే ఒక రకపు మొటిమలకు వారు వాడే ముఖ క్రీములే కారణమని చూపారు. క్రీములోని కొన్ని నూనెలు రోమకూపాలను మూసివేసి చిన్న చిన్న పొక్కులు పుట్టిస్తాయి. అవి వెంటనే రావు, నెలల తరువాత వస్తాయి. కాబట్టి కారణం తోచదు. పొక్కులు కనిపించగానే స్త్రీ మరింత జాగ్రత్తగా అదే క్రీము పూస్తుంది. ఇబ్నుల్ జౌజీ చెప్పిన "ముందు మెరుపు, తరువాత బాధ" అనే క్రమానికి ఇది మరొక రూపం.

చరిత్ర ఇచ్చే తీర్పు

రాజీ ఆసుపత్రిలో ఒక పద్ధతి పాటించాడు. మెదడు వాపు లక్షణాలున్న రోగులలో ఒక వర్గానికి నెత్తురు తీయించి, మరొక వర్గానికి కావాలనే తీయించకుండా విడిచిపెట్టి, ఫలితాలను పోల్చిచూశాడు. చికిత్స చేయకుండా ఉండడం కూడా జ్ఞానానికి ఒక మార్గమన్న విషయం ఆయనకు తెలుసు. నేటి చర్మవైద్యులు కూడా ఎన్నో పూతలతో చెడిన ముఖం తమ వద్దకు వచ్చినప్పుడు ఇలాంటి దారినే అనుసరిస్తారు. అన్నీ ఆపించి, నీరు, ఒక మృదువైన సబ్బు, తేమనిచ్చే ఒక సాదా లేపనం, పగటిపూట ఎండ నుండి రక్షణ మాత్రమే మిగులుస్తారు. తరువాత అవసరాన్ని బట్టి ఒక్కొక్క మందు చేరుస్తారు. దేని వలన మేలు, దేని వలన కీడు కలిగిందో అప్పుడే తెలుస్తుంది. స్టీరాయిడ్ పూతను మాత్రం వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

ఈ చరిత్రలో అలంకరణను ఎవరూ నిరాకరించలేదు. ఉమ్మె సల్మా (రజి) ఉల్లేఖనంలో మంగుకు వర్స్ ఉంది. ఇబ్నుల్ జౌజీ మంగును పోగొట్టే మందును అనుమతించారు. జహ్రావీ దానికి ఒక భాగమే కేటాయించాడు. వారు గీసిన గీత వేరొకటి. ఉన్న వ్యాధిని తొలగించడం చికిత్స. అల్లాహ్ ఇచ్చిన రంగును వ్యాధిగా భావించి దానితో పోరాడడం చికిత్స కాదు. మలప్పురం రోగుల మూత్రపిండాలు చెడినది మంగు వలన కాదు, సహజమైన చామనచాయను లోపంగా ఎంచే సమాజం వలన. పెళ్ళి సంబంధం కుదరడానికి పిల్ల తెల్లగా ఉండాలని కోరే ఇళ్ళు ఆ పాదరసాన్ని కొంటున్నాయి. హాని చేసుకోరాదు, హాని చేయరాదు అన్న ధర్మసూత్రాన్ని ఉస్మానీ ప్రభుత్వం 19వ శతాబ్దంలో తన పౌరస్మృతి "మజల్లా"లో 19వ నిబంధనగా చేర్చింది. ఆ సూత్రం క్రీము అమ్మే దుకాణానికి ఎంత వర్తిస్తుందో, పిల్లను చూడవచ్చి రంగును గురించి ప్రశ్నించే పెద్దలకూ అంతే వర్తిస్తుంది.